18446744073709551615 (సంఖ్య)

18446744073709551615 ఇరవై అంకెలు గల ఒక బేసి సహజ సంఖ్య. ఇది 2 యొక్క 64వ ఘాతం కంటే ఒకటి తక్కువ (2⁶⁴ − 1). చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధంగా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్ళనూ నింపితే పట్టే మొత్తం గింజల సంఖ్య ఇదే. ఈ సంఖ్యను పూర్తిగా, ఒక్క అంకె కూడా వదలకుండా చెప్పే తెలుగు పద్యం ఒకటి పావులూరి మల్లన గణిత గ్రంథంలోనిదిగా ప్రసిద్ధి పొందినది. అందువలన తెలుగు గణిత చరిత్రలో ఈ సంఖ్యకు ప్రత్యేక స్థానం కలదు. ఆధునిక కాలంలో ఇది 64 బిట్ల కంప్యూటర్లు గుర్తు లేని పూర్ణాంకంగా నిలువ చేయగల గరిష్ఠ సంఖ్య కూడా.

సంఖ్యను చదివే విధానం

భారతీయ పద్ధతిలో కామాలు పెట్టి వ్రాసినపుడు ఈ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. నేటి వాడుకలో కోటిని మించిన స్థానాలకు పేర్లు దాదాపు లుప్తమైపోయినవి. కనుక దీనిని ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆపైన తొంభై అయిదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను అని చదవవలసి ఉంటుంది.

ప్రాచీనులకు ఈ ఇబ్బంది లేదు. 9వ శతాబ్దికి చెందిన జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఏకం మొదలు మహాక్షోభం వరకు 24 స్థానాలకు పేర్లు ఇచ్చాడు. కోటి తరువాత దశకోటి, శతకోటి, అర్బుదం, న్యర్బుదం, ఖర్వం, మహాఖర్వం, పద్మం, మహాపద్మం, క్షోణి, మహాక్షోణి, శంఖం, మహాశంఖం వరుసగా వస్తాయి. ఈ లెక్కన మన సంఖ్య 1 మహాశంఖం, 8 శంఖాలు, 4 మహాక్షోణులు, 4 క్షోణులు, 6 మహాపద్మాలు, 7 పద్మాలు, 4 మహాఖర్వాలు, 4 ఖర్వాలు, 7 అర్బుదాలు, 3 శతకోట్లు, 7 దశకోట్లు, 95 లక్షల 51 వేల 615. న్యర్బుద స్థానంలోనూ, కోటి స్థానంలోనూ సున్నలు ఉన్నవి. స్థానాల పేర్లు గ్రంథాన్ని బట్టి మారుతుంటాయి గనుక ఇతర పట్టికలతో పోల్చేటపుడు జాగ్రత్త అవసరం.

చదరంగం కథ

చదరంగాన్ని కనిపెట్టిన పండితునికి రాజు కోరిన బహుమానం ఇస్తానన్నాడనీ, పండితుడు గళ్ళ లెక్కన గింజలు మాత్రమే అడిగాడనీ, రాజు నవ్వి ఒప్పుకున్న తరువాత ధాన్యాగారాలన్నీ ఖాళీ అయినా లెక్క తీరలేదనీ కథ. 13వ శతాబ్దికి చెందిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ ఈ కథను నమోదు చేశాడు. అందులో చదరంగాన్ని కనిపెట్టినవాడు సిస్సా అనే భారతీయుడు, అడిగినవి గోధుమ గింజలు. తెలుగునాట ఇదే కథను వడ్లగింజలతో చెప్పుట పరిపాటి. కథ కల్పితమైనా లెక్క పాతదే. ఇబ్న్ ఖల్లికాన్ కంటే రెండు శతాబ్దాలకు పైగా ముందు, 1000 ప్రాంతంలో, అల్ బిరూనీ ప్రాచీన జాతుల కాలగణన గురించిన తన గ్రంథంలో ఈ మొత్తాన్ని సరిగా లెక్కకట్టి ఇచ్చాడు.

పావులూరి గణితంలో

పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని సారసంగ్రహగణితము పేరిట తెలుగు చేశాడు. దీనికే పావులూరి గణితము అని వ్యవహార నామం. తెలుగులో వెలువడిన తొలి శాస్త్రగ్రంథంగా దీనిని పరిగణిస్తారు. మల్లన కమ్మనాటిలోని పావులూరుకు చెందినవాడు. ఈ ఊరిని నేటి బాపట్ల జిల్లా ఇంకొల్లు మండలంలోని పావులూరుగా సాధారణంగా గుర్తిస్తారు. రాజరాజ నరేంద్రుని వలన పిఠాపురం సమీపంలోని నవఖండవాడ అగ్రహారాన్ని పొందిన మల్లన ఈ కవియే అని కొందరు, అదే పేరు గల అతని తాత అని మరికొందరు తలచుట వలన గ్రంథకాలాన్ని 11వ శతాబ్ది అనీ, 12వ శతాబ్ది తొలి భాగమనీ రెండు విధాలుగా చెబుతారు. మూలం జైనుని రచన. మల్లన శైవుడు. అందుచేత అనువాదంలో జైన ప్రస్తావనలకు బదులు శైవ ప్రస్తావనలు చోటు చేసుకున్నవి.

చదరంగపు మొత్తాన్ని చెప్పే పద్యం చంపకమాల వృత్తంలో ఉన్నది. ఇందులో అంకెలు అంకెలుగా కాక భూతసంఖ్యలుగా వస్తాయి. అనగా ఒక్కొక్క అంకెకు లోకంలో అంత సంఖ్యలో ప్రసిద్ధమైన వస్తువు పేరును వాడుతారు. సున్నకు ఆకాశ వాచకాలైన గగనం, వియత్తు. ఒకటికి చంద్రుని పేర్లు. మూడుకు అగ్ని, త్రేతాగ్నులు మూడు గనుక. నాలుగుకు వేదం, సముద్ర వాచకాలు, బ్రహ్మ ముఖాలు. అయిదుకు మన్మథుని బాణాలు. ఆరుకు తర్కం. ఏడుకు కులపర్వతాలను బట్టి పర్వత వాచకాలు. ఎనిమిదికి దిగ్గజాలను బట్టి ఏనుగు. తొమ్మిదికి శరీరంలోని నవరంధ్రాలను బట్టి రంధ్రం. ఇరవై పదాలు, ఇరవై అంకెలు. చదివే క్రమం ఒకట్ల స్థానం నుండి ఎడమవైపుకు సాగుతుంది. కనుక పద్యంలో మొదట వచ్చే అంకె 5, చివర వచ్చేది 1.

రెండ్లను గుణించి ఒకటి తీసివేయగా ఏర్పడిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కచోట కూడా కనబడదు. అందువలన పద్యంలో రెంటిని సూచించే నేత్రం, పక్షం వంటి మాటలకు అవసరమే కలుగలేదు. అత్యధికంగా వచ్చే అంకె 4 (నాలుగు సార్లు). 1, 5, 7 మూడేసి సార్లు, 0, 6 రెండేసి సార్లు, 3, 8, 9 ఒక్కొక్కసారి వస్తాయి.

తాళపత్రాలలో అంకెలను వ్రాసినపుడు లేఖకుని చేతిలో ఒక అంకె మరొకటిగా మారిపోవుట సులభం, మారినట్లు తెలుసుకొనుట కష్టం. భూతసంఖ్యలతో వృత్తంలో కూర్చినపుడు పదం మారితే గణం తప్పుతుంది, లేదా యతిప్రాసలు చెడతాయి. ఈ విధంగా ఛందస్సు లెక్కకు కాపలా కాస్తుంది. ఇంత పొడవైన సంఖ్య నోటి పాఠంగా శతాబ్దాలు చెడకుండా నిలవడానికి ఇదే ముఖ్య కారణమని చెప్పవచ్చు.

పద్యపాఠాన్ని లెక్కతో సరిచూచుట

భూతసంఖ్యలలో ఒక చిక్కు కలదు. కొన్ని పదాలకు ఒకటి కంటే ఎక్కువ విలువలు ఉన్నవి. సముద్రాలు నాలుగు దిక్కుల నాలుగు అనే లెక్క ఉన్నది, పురాణాలలో సప్తసముద్రాలు అనే లెక్కా ఉన్నది. రంధ్రం అనే మాటకు తొమ్మిదితో బాటు శూన్యం అనే అర్థంలో సున్న కూడా విలువ. పద్యం మాత్రమే చేతిలో ఉన్నవారు ఏది గ్రహించాలి అన్న ప్రశ్నకు గణితమే సమాధానం ఇస్తుంది.

తొమ్మిదుల పరీక్షను తీసుకొనవచ్చు. 2 యొక్క ఘాతాలను 9తో భాగించగా వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకసారి తిరిగి వస్తాయి. 64ను 6తో భాగించగా 4 మిగులుతుంది కనుక 2⁶⁴ శేషం నాలుగవది, అనగా 7. ఒకటి తీసివేయగా మన సంఖ్యకు శేషం 6 రావాలి. 18446744073709551615లోని అంకెల మొత్తం 87, దాని అంకెల మొత్తం 15, దాని అంకెల మొత్తం 6. లెక్క సరిపోయినది. పద్యంలోని రెండు సముద్ర వాచకాలకూ ఏడు విలువ ఇస్తే అంకెల మొత్తం 93 అయి శేషం 3 వస్తుంది. ఒకదానికి మాత్రమే ఇస్తే మొత్తం 90, శేషం 0. రెండూ తప్పుతాయి. కాబట్టి ఇక్కడ సముద్రం అంటే నాలుగే.

రంధ్రం విషయంలో ఈ పరీక్ష పనిచేయదు. తొమ్మిది తీసి సున్న పెట్టినా తొమ్మిదులు తీసివేసిన శేషం మారదు గదా. అక్కడ పదకొండు పరీక్ష అవసరం. ఒకట్ల స్థానం నుండి అంకెలను ఒకటి కూడుతూ, ఒకటి తీసివేస్తూ పోతే 37 వస్తుంది. దానిని 11తో భాగించగా శేషం 4. మరొక వైపు 2¹⁰ అనగా 1024ను 11తో భాగించగా 1 మిగులుతుంది కనుక 2⁶⁴ శేషం 2⁴ శేషంతో సమానం, అనగా 5. ఒకటి తీసివేయగా 4. సరిపోయినది. రంధ్రానికి సున్న విలువ ఇచ్చి ఉంటే 37కు బదులు 28 వచ్చి శేషం 6 అయ్యేది. అందువలన రంధ్రం తొమ్మిదే. పక్కపక్క అంకెలు తారుమారైనా పదకొండు పరీక్ష పట్టి ఇస్తుంది, తొమ్మిదుల పరీక్ష పట్టలేదు.

మొత్తాన్ని కనుగొను విధానం

64 గళ్ళలోని సంఖ్యలను వరుసగా వ్రాసి కూడవలసిన పని లేదు. 1 + 2 = 3, 1 + 2 + 4 = 7, 1 + 2 + 4 + 8 = 15. ఏ గడి వరకు కూడినా మొత్తం తరువాతి గడిలోని గింజల కంటే ఒకటి తక్కువే. కనుక బల్లకు 65వ గడి ఉన్నట్లయితే అందులో పడవలసిన 2⁶⁴ను కనుగొని ఒకటి తీసివేస్తే చాలు. చివరి (64వ) గడిలో మాత్రమే 2⁶³, అనగా 9223372036854775808 గింజలు ఉంటాయి. అంతకు ముందున్న 63 గళ్ళూ కలిపినా దీని కంటే ఒక గింజ తక్కువ.

2⁶⁴ కనుగొనడానికి 64 సార్లు రెట్టించనక్కరలేదు. ఆరు సార్లు వర్గం చేస్తే చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616. ఘాతాన్ని సగం చేసుకుంటూ పోయి, సగం చేసిన ప్రతిసారీ ఒక వర్గం చేయుట అనే ఈ ఉపాయం పింగళుని ఛందశ్శాస్త్రంలోనే కనబడుతుంది. అక్కడ అది గురులఘువుల ప్రస్తారంలో వృత్తాల సంఖ్యను తెలుసుకొనుటకు ఉద్దేశించినది. మహావీరాచార్యుడు గుణశ్రేణి మొత్తం కనుగొనే సూత్రంలో (గుణసంకలితం) దీనినే వాడాడు. ఛందస్సు కోసం పుట్టిన లెక్క గణితంలోకి వెళ్ళి, తిరిగి మల్లన పేర ఉన్న పద్యంలో ఛందస్సులోకే చేరుట విశేషం.

కారణాంకములు

ఈ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. దీని ప్రధాన కారణాంకాలు ఏడు:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏ కారణాంకమూ రెండు సార్లు రాదు. అందుచేత ఇది సంపూర్ణ వర్గం గానీ ఘనం గానీ కాదు. మొత్తం భాజకాల సంఖ్య 2⁷, అనగా 128. చిన్న ప్రధాన సంఖ్యలైన 7, 11, 13 దీనిని భాగించవు.

ఈ విభజన ఎట్లా వచ్చినదో సులభంగానే చూడవచ్చు. రెండు వర్గాల భేద సూత్రాన్ని మరల మరల ఉపయోగిస్తే 2⁶⁴ − 1 అనేది (2³² + 1)(2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1) అని విడిపోతుంది. అనగా 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధం. వీటిని ఫెర్మా సంఖ్యలు అంటారు. 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితవేత్త పియర్ డి ఫెర్మా ఈ రూపంలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అని భావించాడు. మొదటి అయిదింటి విషయంలో అది నిజమే. ఆరవదైన 4294967297ను 1732లో లియొనార్డ్ ఆయిలర్ 641 × 6700417గా విడగొట్టి ఆ భావన తప్పని చూపాడు. చదరంగపు సంఖ్యకు ఏడవ కారణాంకం ఆ విధంగా వచ్చినదే.

641 ఆ సంఖ్యను భాగిస్తుందని పెద్ద భాగహారం లేకుండానే నిరూపించవచ్చు. 641 = 5 × 2⁷ + 1. అట్లే 641 = 5⁴ + 2⁴. మొదటి దాని ప్రకారం 641తో భాగించినపుడు 5 × 2⁷ శేషం −1తో సమానం. నాలుగవ ఘాతానికి హెచ్చిస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండవ దాని ప్రకారం 5⁴ బదులు −2⁴ వ్రాయవచ్చు. అప్పుడు −2³² శేషం 1 అవుతుంది. అంటే 2³² + 1కి శేషం సున్న.

మొదటి అయిదు ఫెర్మా సంఖ్యల లబ్ధం 4294967295. ఇది బల్ల మీది మొదటి సగం (32 గళ్ళు) లోని గింజల మొత్తం. కొలబద్ద, వృత్తలేఖినులతో గీయగల క్రమ బహుభుజులలో, భుజాల సంఖ్య బేసిగా ఉన్నవాటిలో, ఇప్పటి వరకు తెలిసిన అతి పెద్దది ఇన్ని భుజాలు గలదే. 17 భుజాల బహుభుజిని గీయవచ్చునని 1796లో గాస్ కనుగొనుటతో ఈ సిద్ధాంతం మొదలైనది. పూర్తి బల్ల సంఖ్యకు మాత్రం ఆ యోగ్యత లేదు, 641 అడ్డుపడుతుంది.

ఇతర సంఖ్యామానాలలో

ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్యను వ్రాస్తే వరుసగా 64 ఒకట్లు. ఒక్కొక్క ఒకటీ ఒక్కొక్క గడికి గుర్తు. నాలుగు ఆధారంగా వ్రాస్తే 32 మూళ్ళు, ఎనిమిది ఆధారంగా వ్రాస్తే ఒక 1, తరువాత 21 ఏళ్ళు. దశాంశ పద్ధతిలో మాత్రం దీని అంకెలలో ఏ క్రమమూ కనబడదు. కంఠస్థం చేయడానికి పద్యం అవసరమైనది కూడా అందువలననే.

ధాన్యం లెక్క

ఇంత ధాన్యం ఎంత అవుతుంది అనే ప్రశ్నకు గింజ బరువును బట్టి సమాధానం మారుతుంది. బాపట్ల పరిశోధనా కేంద్రం నుండి వచ్చిన సాంబమసూరి (బీపీటీ 5204) వంటి సన్నరకం వడ్లు వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు తూగుతాయని తీసుకొందాము.

మొదటి వరుస (8 గళ్ళు) పూర్తి అయ్యేసరికి 255 గింజలు, నాలుగు గ్రాములు కూడా ఉండవు. రెండవ వరుస చివరకు 65535 గింజలు, ఇంచుమించు ఒక కిలో. మూడవ వరుస చివరకు 16777215 గింజలు, 75 కిలోల బస్తాలు మూడు నిండి కొంత మిగులుతుంది. నాలుగవ వరుసతో సగం బల్ల పూర్తి అవుతుంది. అప్పటికి సుమారు 64 టన్నులు, అనగా దాదాపు 860 బస్తాలు. ఎకరాకు 30 బస్తాల చొప్పున ముప్పై ఎకరాల లోపు పొలంలో ఒక పంటకు ఇది వస్తుంది. అంతవరకు కథలోని రాజు భయపడవలసినది ఏమీ లేదు. ఒక పెద్ద రైతు కూడా ఇచ్చుకోగల దానం అది.

అసలు చిక్కు రెండవ సగంలో ఉన్నది. అయిదవ వరుస చివరకు సుమారు 16,500 టన్నులు, ఆరవ వరుస చివరకు 42 లక్షల టన్నులు, ఏడవ వరుస చివరకు 108 కోట్ల టన్నులు. ప్రపంచంలో ఏడాదికి పండే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు కాగా ఏడవ వరుసకే అవి చాలవు. ఎనిమిదవ వరుసతో మొత్తం సుమారు 27,670 కోట్ల టన్నులు అవుతుంది. ఇది ఇప్పటి ప్రపంచ పంటకు దాదాపు 346 రెట్లు. పై చొప్పున ఒక్క పంటలో పండించాలంటే సుమారు 12,300 కోట్ల ఎకరాలు కావాలి. ఎడారులు, మంచు ప్రదేశాలతో సహా భూమి మీది నేల అంతా కలిపినా 3,700 కోట్ల ఎకరాలు లేదు. రెండవ సగంలోని గింజలు మొదటి సగంలోని గింజలకు సరిగ్గా 4294967296 రెట్లు.

ఘనపు మీటరుకు 575 కిలోల వడ్లు పడతాయని అనుకుంటే ఈ రాశి ఘనపరిమాణం సుమారు 17,000 టీఎంసీలు. పల్నాటికి కుడి కాలువ ద్వారా నీరిచ్చే నాగార్జునసాగర్ జలాశయపు ప్రస్తుత నిలువ సామర్థ్యం 312 టీఎంసీలు కనుక అటువంటి జలాశయాలు యాభై నాలుగు నిండుతాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా సమంగా పరిస్తే దాదాపు మూడు మీటర్ల మందాన పేరుకుంటుంది. ఆ లోతులో మాచర్లలోనైనా పెదకూరపాడులోనైనా ఇళ్ళ గుమ్మాలు పూర్తిగా మునిగిపోతాయి.

హనోయ్ గోపురం

1883లో ఫ్రెంచి గణితవేత్త ఎడువార్డ్ లూకా హనోయ్ గోపురం అనే ఆటవస్తువును ప్రచారంలోకి తెచ్చాడు. మూడు కడ్డీలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన బిళ్ళలు. ఒకసారికి ఒక్క బిళ్ళనే తీస్తూ, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, మొత్తాన్ని ఒక కడ్డీ నుండి మరొక కడ్డీకి మార్చవలెను. దీనికి తోడుగా కాశీలోని ఒక ఆలయంలో 64 బంగారు బిళ్ళలను పూజారులు రేయింబవళ్ళు మారుస్తున్నారనీ, ఆ పని ముగిసినపుడు లోకం అంతమవుతుందనీ ఒక కథ ప్రచారమైనది. ఇది ఐరోపాలో కల్పించబడిన కథ, కాశీలో అటువంటి ఆలయం ఏదీ లేదు. అయితే 64 బిళ్ళలకు కావలసిన కనిష్ఠ కదలికల సంఖ్య మాత్రం సరిగ్గా 18446744073709551615. ప్రతి బిళ్ళకూ ముందరి కదలికలు రెట్టింపై ఒకటి కలుస్తుంది గనుక చదరంగపు లెక్కే ఇక్కడ కూడా వర్తిస్తుంది.

సెకనుకు ఒక కదలిక చొప్పున ఆ పనికి సుమారు 58,454 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయస్సు దాదాపు 1,380 కోట్ల సంవత్సరాలని అంచనా. పురాణ గణనలో బ్రహ్మకు ఒక పగలైన కల్పం 432 కోట్ల సంవత్సరాలు. ఆ లెక్కన 135 కల్పాలకు పైగా అవుతుంది.

కంప్యూటర్లలో

64 బిట్లలో గుర్తు లేని పూర్ణాంకాలను నిలువ చేసినపుడు అన్ని బిట్లూ ఒకట్లైతే వచ్చే విలువ ఈ సంఖ్య. దీనికి ఒకటి కలిపితే బిట్లన్నీ సున్నలై విలువ 0కు తిరిగి వస్తుంది. అదే బిట్ల వరుసను గుర్తు గల పూర్ణాంకంగా చదివితే −1 అవుతుంది. ప్రోగ్రాములలో అనుకోకుండా ఈ పెద్ద సంఖ్య తెరపై ప్రత్యక్షమైతే, ఎక్కడో సున్న నుండి ఒకటి తీసివేయబడినదని అనుభవజ్ఞులు వెంటనే గ్రహిస్తారు. ఐపీవీ6 పద్ధతిలో ఒక సాధారణ ఉపజాలానికి కేటాయించే చిరునామాల సంఖ్య 2⁶⁴, అనగా దీనికంటే ఒకటి ఎక్కువ.

సాధారణ కాలిక్యులేటర్లు, స్ప్రెడ్‌షీట్లు ఈ సంఖ్యను పూర్తిగా చూపలేవు. స్ప్రెడ్‌షీట్లు సాధారణంగా 15 అంకెల వరకే నిలుపుకొని మిగిలిన స్థానాలలో సున్నలు వేస్తాయి. దశాంశ బిందువు గల సంఖ్యలకు వాడే 64 బిట్ల రూపంలో అంకెలకు కేటాయించినవి 53 బిట్లే కనుక, 2⁶⁴కు దిగువన ఇముడగల అతి సమీప సంఖ్య దానికంటే 2048 తక్కువగా ఉంటుంది. అందువలన అటువంటి యంత్రాలలో 2⁶⁴ నుండి ఒకటి తీసివేసినా మరల 2⁶⁴ వస్తుంది. మల్లన పద్యం మొదటి మాటలోనే చెప్పే ఒకట్ల స్థానపు 5 ఆ లెక్కలో కనబడదు.